జడ కోలాటం

మా ఇంటి అటక మీద, పాత ఇత్తడి సామాను వెనకాల, ఒక గోనెసంచిలో పన్నెండు తాళ్ళు ఉన్నాయి, జడ కోలాటంలో ఆడుతూ జడలా అల్లే తాళ్ళు. అంగట్లో కొన్నవి కావు. మా కోలాట బృందంలోని ఆడవాళ్ళం తలా ఒక పాత నూలు చీర తెచ్చి, నిలువునా చించి, మూడేసి పాయలుగా పేని చేసుకున్నవి. వాటిలో లేత నీలం తాడు నాది. 2012లో కాన్సర్ వచ్చి వేలూరు ఆసుపత్రికి కీమోకు వెళ్ళినప్పుడల్లా కట్టుకున్న చీర అది. ఆ చీర కంటబడితే చాలు, కడుపులో తిప్పేది. అయినా పారేయడానికి మనసొప్పేది కాదు. మొన్న సంక్రాంతికి అటక దులిపిస్తూ ఆ సంచి కిందికి దింపించాను. మూతి విప్పగానే పాత నూలు, చెమట, కర్పూరం కలిసిన వాసన వచ్చింది. ఆ వాసన వెంటబడి వచ్చిన సంగతులన్నీ మరిచిపోకముందే ఒక చోట రాసి పెట్టుకోవాలనిపించింది.

నేను పుట్టింది చిత్తూరుకు దగ్గరలోని ఒక పల్లెలో. మా వైపు ఎండాకాలం వచ్చిందంటే ఊళ్ళలో భారతం జరుగుతుంది. ధర్మరాజుల గుడి ముందు పద్దెనిమిది రోజులు, మధ్యాహ్నం భాగవతారు హరికథ, రాత్రి తెల్లవార్లూ వీధినాటకం. మా తాత ద్రౌపది వేషం కట్టేవాడు. ఆయన ఆరడుగుల మనిషి, నడుము దాకా సొంత జుట్టు. వస్త్రాపహరణం ఆడిన రాత్రి విప్పిన ఆ జుట్టును దుర్యోధన వధ నాటి ఉదయం దాకా ముడి వేసేవాడు కాదు. పగలు పొలానికి కూడా అలాగే విరబోసుకుని వెళ్ళేవాడు. ఆఖరి రోజు గుడి ముందు నేలమీద మట్టితో పెద్ద దుర్యోధనుడిని పడుకోబెట్టి కట్టేవారు. భీముడు వచ్చి గదతో తొడ మీద కొట్టగానే తాత ఆ తొడ దగ్గర రక్తంలా ఉన్న ఎర్రనీళ్ళు తలకు రాసుకుని, నలుగురి ముందు జుట్టు ముడి వేసుకునేవాడు. అప్పుడు మా అవ్వతో సహా అక్కడున్న ఆడవాళ్ళందరూ కళ్ళు తుడుచుకునేవారు.

ఒక ఏడాది నడి భారతంలో తాతకు చలిజ్వరం వచ్చింది. దుప్పటి కింద వణుకుతున్న మనిషి సాయంత్రమయ్యేసరికి లేచి ముఖానికి రంగు పూసుకుంటుంటే అవ్వ అడ్డం పడింది. తాత అద్దంలోనుంచి చూపు తిప్పకుండా, "నేను పోకుంటే దుర్యోధనుడు చావడు గదమే" అన్నాడు. అప్పటికి నాకు ఎనిమిదేళ్ళు. ఆ మాటకు నేను పగలబడి నవ్వాను. ముప్పై ఆరేళ్ళ తరవాత ఒక సాయంత్రం అదే మాట మళ్ళీ గుర్తుకొచ్చింది. ఆ సాయంత్రం గురించి చెప్పాలంటే ముందు జబ్బు గురించి చెప్పాలి.

2011 దసరా సెలవుల్లో స్నానం చేస్తుండగా ఎడమ రొమ్ములో గోలీకాయంత గట్టిదనం చేతికి తగిలింది. నొప్పి లేదు. ఊళ్ళో చూపించిన డాక్టరు గారు పరీక్షలేమీ రాయకుండా, ఈ వయసులో ఇలాంటివి మామూలేనని పంపించేశారు. నేనూ ఆ మాటనే పట్టుకుని మూడు నెలలు గడిపేశాను. నొప్పి లేకపోవడం మంచికే అనుకున్నాను. నొప్పి లేని గడ్డనే ముందుగా చూపించుకోవాలని నాకు అప్పుడు తెలియదు. తరవాత నా దగ్గర చదువుకున్న ఆడపిల్లలు ఎవరు కనిపించినా, సందర్భం ఉన్నా లేకపోయినా, ఈ ఒక్క సంగతి చెప్పకుండా వదిలిపెట్టలేదు. జనవరిలో వేలూరు వెళ్ళాం. మామోగ్రామ్, సూది పరీక్ష, వారంలో ఫలితం, ఆ నెలాఖరుకు ఆపరేషన్. రొమ్ముతో పాటు చంకలోని గ్రంథులు కూడా తీసేశారు.

కీమో ఎనిమిది విడతలు, మూడు వారాలకొకటి. తిరుపతి నుంచి కాట్పాడి దాకా రైలు, అక్కడి నుంచి ఆటో. మొదటి నాలుగు విడతలూ ఎర్ర మందు. సీసాలో రోజా షర్బత్తులా కనిపించే ఆ మందు ఎక్కించిన రోజు మూత్రం కూడా ఎర్రగా వస్తుంది. ముందే చెప్పకపోతే రక్తమనుకుని హడలిపోయేదాన్ని. రెండు మూడు వారాల్లో జుట్టు రాలుతుందని, ముందుగానే కత్తిరించుకుంటే రాలేటప్పుడు అంత బాధగా ఉండదని అక్కడి నర్సమ్మ చెప్పింది. నాది తాత జుట్టు, నడుము దాటి ఉండేది. ఇంట్లో అమ్మ కూర్చోబెట్టి జడ అల్లి, అల్లిన జడను అలాగే కత్తిరించి దాచిపెట్టింది. ఎందుకు దాచుతున్నావని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

మే నెలలో తిరుపతిలో గంగమ్మ జాతర. తాతయ్యగుంట గంగమ్మ తల్లికి మొక్కుకున్నవాళ్ళు ఆ వారం రోజులూ రోజుకొక వేషం వేసి ఊరంతా తిరుగుతారు: ఒంటినిండా నామం సుద్ద పూసుకుని బైరాగి, కుంకుమతో బండ వేషం, మసితో తోటి వేషం, గంధంతో దొర వేషం, ఆ పైన మాతంగి వేషం. మగవాళ్ళు చీర కట్టి, నగలు పెట్టుకుని, పూలజడ వేసుకుని గుడికి వెళ్ళేది ఆ మాతంగి వేషానికే. అమ్మ నా పేరిట మొక్కుకుందని, ఆ వేషం తమ్ముడు వేస్తాడని నాకు ఆ ఉదయమే తెలిసింది. అప్పటికి నాలుగో కీమో అయింది. నా తల నున్నటి కొబ్బరికాయలా ఉంది. తమ్ముడు నా పట్టుచీర కట్టుకుని, నా గాజులు తొడుక్కుని వచ్చి నా మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు. అమ్మ పెట్టెలోంచి సవరం తీసి నా చేతికిచ్చింది. అది నా జుట్టే. కత్తిరించిన జడను సవరంగా కట్టించి పెట్టింది.

దాన్ని వాడి తలకు నేనే కట్టాను. వేళ్ళు వణుకుతుంటే ముడి రెండుసార్లు జారింది. వాడు లేచి నిలబడి, "అక్కా, బాగుండానా?" అని అడిగాడు. మీసం తీసేసిన వాడి ముఖంలో అచ్చం నేనే కనిపించాను. వాడు నా బదులుగా వీధిలోకి నడిచి వెళుతుంటే, నా జడ వాడి వీపు మీద ఊగుతూ సందు మలుపు తిరిగేదాకా చూస్తూ కూర్చున్నాను. ఆ రోజు నాకు దేవుడి మీద నమ్మకం పెరిగిందో లేదో చెప్పలేను. జబ్బు తెలిసిన దగ్గర నుంచి నా తరఫున ఏడ్చినవాళ్ళే గానీ, నా తరఫున వేషం కట్టి వీధిలో ఆడినవాణ్ణి వాడినొక్కణ్ణే చూశాను.

తక్కిన నాలుగు విడతల మందుకు వాంతులు తగ్గాయి గానీ వేళ్ళు మొద్దుబారిపోయాయి. చాక్‌పీసు పట్టుకుంటే పట్టుకున్నట్టు తెలిసేది కాదు, జాకెట్టు హుక్కు పెట్టుకోలేకపోయేదాన్ని. తరవాత రేడియేషన్ ఇరవై అయిదు సిట్టింగులు. దానికి మాత్రం ఊరు దాటకుండా తిరుపతిలోనే స్విమ్స్ ఆసుపత్రికి వెళ్ళివచ్చాను. సెప్టెంబరుకు వైద్యం ఒక కొలిక్కి వచ్చింది. మిగిలింది ఎడమ చేయి. భుజం దాటి పైకి లేచేది కాదు. గోడకు ఎదురుగా నిలబడి వేళ్ళతో బల్లిలా పైకి పాకించమని ఫిజియోథెరపిస్టు చెప్పింది. వంటింటి తలుపు పక్కన గోడ మీద ఏ రోజు ఎంతవరకు పాకిందో పెన్సిలుతో గీత గీసి తేదీ వేసేదాన్ని. గీతలు మొదట్లో అంగుళం అంగుళం చొప్పున పైకి వెళ్ళాయి. తరవాత మూడు వారాలు ఒకే చోట ఒకదాని మీద ఒకటి పడి అక్కడ నల్లటి మరక ఏర్పడింది.

ఆ రోజుల్లో మా ఇంట్లో ఎవరూ గొంతు పెంచి మాట్లాడేవారు కాదు. మా ఆయన కూరలో ఉప్పు ఎక్కువైనా మాట్లాడకుండా తినేవారు. నాతో రోజుకు నాలుగుసార్లు పోట్లాడే మా అమ్మాయి ఏది చెప్పినా "సరేమ్మా" అనేది. బడికి వెళితే తోటి టీచర్లు నా క్లాసులు వాళ్ళే చెప్పేసి నన్ను కుర్చీలో కూర్చోబెట్టేవారు. అందరిదీ ప్రేమే, కాదనను. కానీ ఆ మెత్తదనంలో నేను కొద్దికొద్దిగా మాయమైపోతున్నట్టు ఉండేది. నేను చేయకపోతే ఆగిపోయే పని ఒక్కటీ ఇంట్లోనూ లేదు, బడిలోనూ లేదు.

అప్పుడు ఒక సాయంత్రం బైరాగిపట్టెడలోని మా వీధి చివర ఉండే ఆమె వచ్చింది. టైలరింగు చేస్తుంది, రామాలయంలో కోలాటం ఆడే బృందంలో ఉంది. కుశలప్రశ్నలు ఏమీ వేయకుండా గడపలోనే నిలబడి, "టీచరమ్మా, మాలో ఒక మనిషి తక్కువైంది. పదకొండు మందితో జడ పడదు. నువ్వు వచ్చి నిలబడకూడదా?" అంది. ఒంట్లో ఎలా ఉందని అడగలేదు. ఆ క్షణాన తాత మాట చెవిలో పడ్డట్టే అయింది. నేను పోకపోతే జడ పడదు. లోపలి నుంచి మా ఆయన ఏదో అడ్డం చెప్పబోతుండగానే, వస్తానని చెప్పేశాను.

ఆపరేషన్ అయిన చేతితో బరువు ఎత్తకూడదని, ఆ చేతిని కదలనివ్వకూడదని చుట్టాలందరూ హెచ్చరించారు. చంకలో గ్రంథులు తీసేసిన చేతికి నీరు చేరి వాచే ప్రమాదం ఉన్న మాట నిజమే. ఈనాటికీ ఆ చేతికి సూది వేయించుకోను, రక్తపోటు చూపించుకోను. కానీ డాక్టరమ్మను అడిగితే కోలాటం కర్రలు తేలికేనని, వాపు కనిపిస్తే వెంటనే రమ్మని, నెమ్మదిగా ఆడుకోమని చెప్పింది. ఒక పద్ధతిగా, కొద్దికొద్దిగా పెంచుకుంటూ బరువులు ఎత్తిన స్త్రీలకు చేతివాపు పెరగలేదని అమెరికాలో జరిగిన ఒక అధ్యయనంలో 2009లోనే తేలిందని ఆ తరవాత చదివాను.

మా గురువుగారు ఆర్టీసీ డిపోలో మెకానిక్కుగా పనిచేసి రిటైరైన మనిషి. బక్కపలచటి ఒళ్ళు, మెడలో నల్లతాడుకు ఇనుప ఈల. కోపు, అంటే అడుగుల వరస, మార్చవలసి వచ్చినప్పుడు ఆ ఈల ఒక్కసారి వేస్తే, ఆడుతున్నవాళ్ళు పాట తెగకుండా వరస మార్చాలి. కోలాటంలో కోపులు ఎన్నో. ఒంటి కోలాటం నేర్చాక జంట కోలాటం, అది కుదిరాక జడ. మొదటి రోజు నా చేతిలో కర్రలు నాలుగుసార్లు జారిపడ్డాయి. వేళ్ళకు స్పర్శ లేదని ఆయనకు చెప్పాను. ఆయన ఒక్క నిమిషం ఆలోచించి, "వేళ్ళకు తెలీకపోతే చెవికి తెలుస్తాదిలేమ్మా. టక్కుమంటే తగిలినట్టు, డొక్కుమంటే తప్పినట్టు. ఇని ఆడు" అన్నారు. ఆ తరవాత నెలల తరబడి నేను చెవితోనే కర్ర పట్టుకున్నాను. చండ్ర కర్రను నున్నగా చిత్రిక పట్టి చేసిన కోలలు అవి. సరిగ్గా మధ్యలో తగిలితే వచ్చే చప్పుడుకూ కొన తగిలితే వచ్చే చప్పుడుకూ ఉన్న తేడా ఇప్పుడు నిద్రలో అడిగినా చెప్పగలను.

నాలుగో రోజో అయిదో రోజో, జంట కోలాటంలో నేను కుడివైపు తిరగవలసింది ఎడమవైపు తిరిగి ఎదుటి మనిషిని గుద్దుకున్నాను. గురువుగారు ఈల వేసి ఆటంతా ఆపేశారు. "ఏమ్మా టీచరమ్మా, పిలకాయలకు పాఠం చెప్పేదానివి, నాలుగు దాకా ఎంచలేవా? అడుగు యాడ పెడతా ఉండావు? నీ వల్ల అందరూ మళ్ళా మొదట్నుంచి ఆడాల!" అని గుడి దద్దరిల్లేలా కసిరారు. బృందమంతా బిక్కచచ్చిపోయింది, వీధి చివరి ఆమె నా వంక భయంభయంగా చూసింది. నేను తల వంచుకుని నా చోటికి వెళ్ళి నిలబడ్డాను. ఇంటికి వచ్చాక మంచం మీద కూర్చుని ఏడ్చాను. మా ఆయన కంగారుపడి, రేపటి నుంచి వెళ్ళవద్దన్నారు. నాకు దుఃఖం కాదని ఆయనకు ఎలా చెప్పాలో తెలియలేదు. జనవరి తరవాత నన్ను తిట్టిన మొదటి మనిషి గురువుగారే. తప్పు చేస్తే తిట్టదగిన మనిషినే, దిద్దుకునేంత కాలం ఇంకా నా ముందు ఉందని నమ్మి తిట్టాడాయన. అంతకుముందు ఎవరు ఎన్ని ధైర్యాలు చెప్పినా నాలో కదలని ఆశ ఆ తిట్టుకు కదిలింది.

జడ కోలాటానికి రామాలయం మండపం దూలానికి ఇనుప కొక్కెం ఉండేది. పన్నెండు తాళ్ళూ దానికి కడతారు. ఒక్కొక్కరు ఎడమ చేతితో తాడు కొస పట్టుకుని, కుడి చేతిలో కోల పట్టుకుని గుండ్రంగా నిలబడాలి. పాట ఎత్తుకోగానే ఆరుగురు ఇటు, ఆరుగురు అటు కదులుతారు. ఎదురైన మొదటి మనిషిని లోపలి వైపు నుంచి దాటితే రెండో మనిషిని వెలుపలి వైపు నుంచి దాటాలి, దాటేటప్పుడు కోలకు కోల తగలాలి. అలా తిరుగుతుంటే పైన తాళ్ళు ఒకదాని మీదుగా ఒకటి పడి జడ అల్లుకుంటూ కిందికి దిగుతుంది. జడ దిగేకొద్దీ తాళ్ళు పొట్టివై వలయం దగ్గరవుతుంది, అడుగులు చిన్నవవుతాయి, ఒకరి ఊపిరి ఒకరికి తగులుతుంది. అప్పుడు గురువుగారి ఈల. అందరూ వెనక్కి తిరిగి, వచ్చిన దారినే, ఏ అడుగు ఎక్కడ వేశారో అదే అడుగు తిరగవేస్తూ జడ విప్పాలి. అల్లేటప్పుడు ఒక్కరు తప్పినా విప్పేటప్పుడు అక్కడ పీటముడి పడుతుంది.

తాడు పట్టుకోవలసింది ఎడమ చేయి. అవతలివాళ్ళు కింది నుంచి దాటాలంటే ఆ చేయి తల దాటి పైకి లేవాలి. గోడ మీది నల్ల మరక దగ్గర ఆగిపోయిన చేయి అది. మొదట్లో నా పక్కకు వచ్చినవాళ్ళందరూ నడుము వంచి దూరేవారు. గురువుగారు దానికి ఏమీ అనలేదు. డిసెంబరులో ఒక రోజు అందరికన్నా పొడుగైన మనిషి వంగకుండానే నా తాడు కింది నుంచి దాటిపోయింది. ఆట మధ్యలో గనుక ఎవరూ గమనించలేదు. ఇంటికి వచ్చి గోడ దగ్గర చూసుకుంటే వేళ్ళు మరక పైన జానెడు ఎత్తున ఉన్నాయి. తరవాత ఇంటికి సున్నం వేయించినప్పుడు ఆ గీతలున్న చోటు వదిలేయమని మేస్త్రీకి చెప్పాను. ఇప్పటికీ అలాగే ఉంది.

2013 శ్రీరామనవమినాడు మొదటిసారి జనం ముందు జడ కోలాటం ఆడాను. అప్పటికి నా జుట్టు వేలెడు మొలిచి ఉంగరాలు తిరిగింది, పూలు నిలిచే జుట్టు కాదు. తమ్ముడు వచ్చి, ఆ సవరం తెచ్చాను పెట్టుకోమన్నాడు. నేను వద్దన్నాను. పన్నెండు చీరల జడ తల పైన దిగుతుంటే, అందులో నా నీలం పాయ ఎక్కడుందో వెతుక్కుంటూ, అడుగు తప్పకుండా ఆడాను.

ఆ పైన ఆరేళ్ళు గబగబా గడిచిపోయాయి. కార్తికంలో తిరుచానూరు అమ్మవారి బ్రహ్మోత్సవాల్లో వాహనం ముందు ఆడాం. మెట్లోత్సవానికి తెల్లవారుజామున అలిపిరి పాదాల మండపం దగ్గర భజన బృందాలతో కలిసి, పాడుకుంటూ 3550 మెట్లు ఎక్కాం.

2019లో నడుము నొప్పి మొదలైంది. ఆట వల్ల అనుకున్నాను. స్కానింగులో వెన్నెముకకు జబ్బు పాకిందని తేలింది. నాలుగో దశ అన్నారు. పూర్తిగా నయం చేయలేమని, మందులతో అదుపులో ఉంచగలమని డాక్టరు దాచకుండా చెప్పారు. అప్పటి నుంచి రోజూ మాత్ర, ఎముకల బలానికి సూది, ఏడాదికి రెండుమూడు స్కానింగులు. ఈ మధ్య నాలాంటివాళ్ళు రైలెక్కి దూరం పోనక్కరలేకుండా 2022లో అలిపిరి వైపు టాటా ట్రస్టులవాళ్ళ కాన్సర్ ఆసుపత్రి తెరిచారు. అది చూసినప్పుడల్లా కాట్పాడి ప్లాట్‌ఫారం మీద వాంతి చేసుకుంటూ కూర్చున్న రోజులు గుర్తుకొస్తాయి. కోలాటంతో జబ్బు నయమవుతుందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. నన్ను బతికిస్తున్నది మందే. అయితే మాత్ర వేసుకున్నాక మిగిలిన రోజంతా ఏం చేయాలో మందు చెప్పదు.

గెంతడం, నడుము వంచడం మానేయమన్నారు. ఆ సంగతి చెప్పి నా కోలలు గురువుగారి ముందు పెడితే ఆయన వాటిని నా వైపే తోసి, "కాళ్ళు పోతే నోరుంది గదా, కూర్చోని పాడు" అన్నారు. ఆ రోజు నుంచి వలయం బయట కుర్చీలో కూర్చుని తాళాలు వాయిస్తూ పాట చెబుతున్నాను. నా నీలం తాడు ఇంటర్ చదివే ఒక పిల్ల చేతికి వెళ్ళింది. గురువుగారు 2021లో పోయారు. పదకొండో రోజున వాళ్ళ ఇంటావిడ నన్ను లోపలికి పిలిచి, నల్లతాడుతో సహా ఆయన ఈల నా చేతిలో పెట్టారు.

సంచిలో తాళ్ళు రెండు చివికిపోయాయి. వాటి బదులు కొత్తవి పేని, ఈ శ్రీరామనవమికి మళ్ళీ జడ కడుతున్నాం. నిన్న సాయంత్రం అభ్యాసంలో జడ మూరెడు దిగేసరికి నీలం తాడు వెలుపలి నుంచి పోవలసింది లోపలికి దూరడం కుర్చీలోంచి కనిపించింది. "ఏమే, కళ్ళు యాడ పెట్టుకోని ఆడతా ఉండావు?" అని అరిచాను. ఆ పిల్ల ముఖం చిన్నబుచ్చుకుని, "ఒక్క అడుగే కదా అత్తా" అని గొణిగింది. ఒక్క అడుగే. నేను ఈల నోట పెట్టుకుని ఊదాను. పన్నెండు మందీ ఆగి, వెనక్కి తిరిగి, తప్పిన చోటి దాకా ఒక్కో అడుగే విప్పుకుంటూ వచ్చారు.